శరత్తులో ఆకు రాలునా? "లసత్తర" మీద ఒక చర్చ

పాలవెల్లి: మేము మాసచుసెట్స్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి కిండర్‌గార్టెన్‌లో ఈ అక్టోబరంతా పాఠం ఆరుబయటే సాగుతున్నది. పిల్లలు మేపుల్, ఓక్ ఆకులను ఏరి రంగులవారీగా పేరుస్తున్నారు. హాలోవీన్‌కు తెచ్చిన గుమ్మడికాయను కోసి, గింజలను పదేసి చొప్పున కుప్పలు పోసి లెక్కిస్తున్నారు. ఆకుల పటం మీద ఈ ఋతువు పేరును ఎవరి ఇంటి భాషలో వారు వ్రాసి తేవాలట. "శరత్తు" అని వ్రాయబోతుండగా నన్నయగారి "శారదరాత్రు లుజ్జ్వల లసత్తారక..." గుర్తుకు వచ్చి, ఆ పద్యంలో ఒక్క ఆకైనా రాలినట్లు జ్ఞాపకం లేక చేయి ఆగిపోయింది. ఏ మాట వ్రాయమంటారు?

లఘువు: మాట సంగతి తరువాత చూద్దాము. అది "లసత్తారక" కాదండీ, "లసత్తర తారక హార పంక్తులం". ఉత్పలమాలలో "జ్జ్వలల" అనే నగణం తరువాత భగణం రావాలి. "సత్తర" సరిపోతుంది, "సత్తార" అంటే రెండు గురువులు వరుసగా పడి నడక కుంటుతుంది. యతిస్థానంలోని "స" రెండు పాఠాలలోనూ ఉన్నది కనుక తప్పు చెవికి పట్టుబడదు.

పాతపంచాంగం: గణం కుదిరింది సరే, "ఉజ్జ్వల" అన్న తరువాత మళ్ళీ మెరుపునే చెప్పే "లసత్తర" ఎందుకు? గణం నింపడానికి పూరణగా వేసిన "తర" అని నా అనుమానం. ఇక అసలు విషయానికి వస్తే, ఆశ్వయుజ కార్తికాల శరత్తు అంటే మనకు మబ్బు విడిచిన ఆకాశం, వెన్నెల, కలువల వాసన. మన అడవులలో మోదుగ వంటి చెట్లు నేలలో తడి తగ్గినప్పుడు, మాఘ ఫాల్గుణాలలో, ఆకు రాలుస్తాయి. అక్కడి మేపుల్ పగటివేళ కురచై చలి మొదలు కాగానే పత్రహరితాన్ని విడిచి, ఎర్రబడి రాలుస్తుంది. రాలడమే ముఖ్యమైతే "శిశిరం" అని వ్రాయండి.

తంగేడు: అప్పుడు పిల్లవాడు అక్టోబరు పటం మీద ఫిబ్రవరి పేరు వ్రాసినట్లవుతుంది. అమెరికావారి "ఫాల్" కూడా రాలడమే కదా, "ఆకురాలు కాలం" అంటే పోయేదేమిటి? గుమ్మడి మాట వచ్చింది కనుక చెబుతున్నాను: మా వైపు ఇదే ఋతువులో బతుకమ్మను గుమ్మడి ఆకుల మీద పేర్చి, గుమ్మడిపూవు నడిమి భాగాన్ని గౌరమ్మగా నిలుపుతారు. టీచరుగారికి ఆ సంగతి కూడా చెప్పండి.

లఘువు: "పూరణ" అన్న మాటను నేను ఒప్పుకోను. తన కవిత్వానికి అక్షరరమ్యతను గుణంగా చెప్పుకొన్న కవి ఆయన. "లసత్తర" తరువాత "తారక", రెండవ పాదం మొదట్లోనే "జారుతరంబు లయ్యె". ఆ "తర" మళ్ళీ వినబడాలనే మొదట వేశాడు.

పాతపంచాంగం: భారతంలో నన్నయ ఈ రాత్రి పద్యం దగ్గర ఆగిపోతే, అక్కడినుండి ఎఱ్ఱన "స్ఫురదరుణాంశు" అని ఎర్రని కిరణాల ఉదయంతో అందుకొన్నాడు. శరత్తుకు రంగు పూసినవాడు ఎఱ్ఱనే. మేపుల్ ఎరుపు పక్కన ఉంచదగిన పద్యం అదే.

పాలవెల్లి: పటం శుక్రవారానికి ఇవ్వాలి. ఇంతకూ శరత్తా, ఆకురాలు కాలమా?

లఘువు: ఎఱ్ఱన సంగతి వేరు. ముందు "తర" పూరణ కాదని ఒప్పుకోండి.