ఎస్టీమ్ కి పోర్టింగ్ చేసిన పెద్ద వాల్వుల హెడ్ కొనాలా, ఉన్న హెడ్నే బాగు చేయించుకోవాలా?

కడప_ఎస్టీమ్:
అన్నలూ సలహా కావాల. నాది ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ, 1298 సీసీ 16 వాల్వుల ఇంజన్, లక్షా అరవై వేలు తిరిగింది. వారం వారం రాయచోటికి పోతా, గువ్వలచెరువు ఘాట్లో నలుగురం కూర్చుంటే థర్డ్ లో లాగదు, సెకండ్ కి దించాల్సి వస్తాంది. బెంగళూరులో ఒకాయన దగ్గర పెద్ద వాల్వులేసి పోర్టులు (గాలి పోయే దారులు) వెడల్పు చేసిన హెడ్, అంటే ఇంజన్ పైన వాల్వులుండే భాగం, రెడీగా ఉందంట, 45 వేలు అంటాన్నాడు, హెడ్ గుండా గాలి ఎంత పోతుందో కొలిచిన ఫ్లో బెంచ్ షీట్ కూడా పంపినాడు. మా మేస్త్రీ ఏమో ఉన్నదానికే సీట్ కటింగ్ (వాల్వు ఆనే అంచు మళ్ళీ కోయడం) చేయించుకో చాలు అంటాడు. వాల్వులు తెరిచే క్యామ్ మాత్రం మార్చను, స్టాకే (కంపెనీదే). ఏం చేయమంటారు?

అనంత_హైవే:
పెట్టుకో తమ్ముడూ, అనుభవంతో చెప్తాండా. రెండేండ్ల కిందట నా బండికి ఇట్లాంటిదే వేసినా, క్యామ్ తో సహా. ముందు 6000 ఆర్పీఎం దగ్గర ఊపిరాడనట్టు నిలబడిపోయేది, ఇప్పుడు గుత్తి దాటి హైవే ఎక్కి 4500 దాటిందంటే లిమిటర్ దాకా ఆగకుండా లాగతాంది. ఇంజన్ అంటే గాలి పంపే కదప్పా, ఎంత గాలి పోతే అంత పవర్. అమెరికా వాళ్ళు బండి మీద చేయేస్తే ముందు మార్చేది హెడ్లే.

కర్నూలు_బోరింగ్:
అన్నా నీ బండి గురించి నువ్వు చెప్పింది నేను కాదనను, కానీ నువ్వు క్యామ్ మార్చినావు, ఈ తమ్ముడు మార్చను అంటాన్నాడు, తేడా అంతా అక్కడే ఉంది. ఫ్లో షీట్ లో పెద్ద నంబర్ మామూలుగా వాల్వ్ బాగా తెరిచినప్పటిది. స్టాక్ క్యామ్ అంత దూరం తెరవనే తెరవదు, ఇంక ఆ గాలి యాడ నుంచి వస్తుంది? తమ్ముడూ ఆ షీట్ ని నీ క్యామ్ లిఫ్ట్ (వాల్వు తెరిచే దూరం) వరస దాకే చదువు, స్టాక్ హెడ్ ని కూడా అదే బెంచ్ మీద, అదే 28 అంగుళాల నీటి ప్రెషర్ దగ్గర తీసినారా లేదా అడుగు. ఒకటి 10 దగ్గర, ఇంకోటి 28 దగ్గర తీస్తే రెండూ నేరుగా పోల్చడానికి లేదు.

అమెరికా సంగతి కూడా చూడు. వాళ్ళు ఎక్కువగా మాట్లాడేది 5.7 లీటర్ల షెవర్లే వీ8 గురించి, ఒక్కో సిలిండర్ 700 సీసీ పైనే. దానికే రోడ్డు మీద తోలే బండి అయితే ఇంటేక్ పోర్ట్ (గాలి లోపలికొచ్చే దారి) లోపలి ఘనపరిమాణం 180 సీసీ దగ్గర తీసుకోమంటారు, 220 లాంటివి ఎక్కువ ఆర్పీఎం ఇంజన్లకి. పైగా వాళ్ళ పాత హెడ్లు చాలావరకు పోత ఇనుము, అల్యూమినియం వేస్తే బరువు తగ్గుతుంది, వేడి త్వరగా లాగేస్తుంది కాబట్టి కంప్రెషన్ కొంచెం పెంచుకోవచ్చు. మనది కంపెనీ నుంచే అల్యూమినియం, ఆ లాభం మనకు ముందే ఉంది. మన సిలిండర్ 325 సీసీ, దానికి వెడల్పు పోర్ట్ పెడితే తక్కువ ఆర్పీఎంలో గాలి వేగం పడిపోతుంది. నీళ్ళ పైపు మూతికి వేలు అడ్డం పెడితే ధార దూరం పోతుంది, తీసేస్తే కాళ్ళ దగ్గరే పడుతుంది, అట్ల. ఘాట్లో నీకు కావాల్సింది 2000 నుంచి 4000 మధ్య లాగుడు, నీకు లేనిది అదే. బోర్ 74 మిల్లీమీటర్లే, వాల్వు పెంచితే అంచు సిలిండర్ గోడకు దగ్గరపడి ఆ పక్క గాలి సరిగా దిగదు.

అనంత_హైవే:
3000 లోపల పికప్ కొంచెం తగ్గిన మాట నిజమే, నేనూ ఒప్పుకుంటా. కానీ పోర్ట్ ముట్టుకోవద్దంటే మాత్రం ఒప్పుకోను. స్టాక్ హెడ్ లో వాల్వ్ సీటు కింద వేలు పెట్టి చూడు, మెట్టు తగులుతుంది. అది తీయకుండా సీట్లు కట్ చేసి ఏం లాభం?

కర్నూలు_బోరింగ్:
ఆ మెట్టు తీయాల్సిందే అన్నా, గాలికి ఎక్కువ అడ్డం ఆ సీటు కింద గొంతు దగ్గరే, నేను చెప్పేది కూడా పోర్ట్ సైజు పెంచకుండా అక్కడ నున్నగా చేసి మూడు కోణాల సీట్ కటింగ్ చేయమనే. మానిఫోల్డ్ గ్యాస్కెట్ పోర్ట్ లోపలికి పొడుచుకొని ఉంటే అదీ కత్తిరించాల.

తమ్ముడూ హెడ్ ఫేసింగ్ (కింది ముఖం కోసి చదును చేయడం) చేసేటప్పుడు జాగ్రత్త. కంప్రెషన్ నిష్పత్తి 9 అనుకో, అర మిల్లీమీటర్ తీస్తే ఛాంబర్ మహా అయితే 2 సీసీ తగ్గుతుంది, 9.4 దాకా పోతుంది. చిన్నదే కానీ కడప ఎండలో, మామూలు పెట్రోల్ తో, ఘాట్లో లోడ్ మీద నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే అంటుకొని టకటక కొట్టడం) వచ్చేది కూడా అక్కడే. ఇంకోటి చాలామంది మర్చిపోతారు, హెడ్ కిందికి దిగితే టైమింగ్ బెల్ట్ దారి పొట్టిదై క్యామ్ టైమింగ్ వెనక్కి పోతుంది. అందుకే వంకర ఎంతుంటే అంతే తీయమను. అయినా హెడ్ దించకముందే కంప్రెషన్ టెస్ట్ చేయించు, కొత్త హెడ్ సంగతి తర్వాత.

కడప_ఎస్టీమ్:
టెస్ట్ చేసినాము, మూడో సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ, నూనె పోసి చూసినా పెరగలే, రింగులు లీకైతే పెరగాల. నిన్న హెడ్ దించి తిరగేసి ఛాంబర్లలో కిరోసిన్ పోసినాడు మేస్త్రీ. మిగతా మూడూ అట్లే నిలిచినాయి, మూడోదాంట్లో రెండు నిమిషాల్లో ఎగ్జాస్ట్ పోర్ట్ తడిసిపోయింది. వాల్వు బయటికి తీస్తే అంచు ఒక పక్క నల్లగా కాలి గోరంత తినేసి ఉంది. దాన్ని పట్టుకొని నేను 45 వేలు ఇచ్చేదానికి తయారైనా! ఎగ్జాస్ట్ వాల్వులు ఎనిమిదీ, గైడ్ (వాల్వు కాడ జారే గొట్టం) సీల్స్ మొత్తం కొత్తవి చెప్పినా, సీట్ కటింగ్ కి హెడ్ రేపు పోతుంది. కర్నూలన్నా, ఇంటేక్ సీటు వెడల్పు ఎంత పెట్టమనాల?

కర్నూలు_బోరింగ్:
ఇంటేక్ 1 నుంచి 1.2 మిల్లీమీటర్, ఎగ్జాస్ట్ 1.5 దగ్గర, ఎందుకంటే ఎగ్జాస్ట్ వాల్వు వేడి సీటులోకే పోవాల, సన్నగా కట్ చేస్తే మళ్ళీ కాలుతుంది. కోసే ముందు గైడ్ లో వాల్వు అటూ ఇటూ ఊగుతుందేమో చూడమను, గైడ్ అరిగి ఉంటే కొత్త సీటు కూడా నిలవదు. సీటు కోసినాక బ్లూ (నీలి రంగు పేస్ట్) పూసి వాల్వు తిప్పి చూస్తే గీత చుట్టూ ఒకే వెడల్పుగా పడాల, ఫోటో పెట్టు చూద్దాం.

అనంత_హైవే:
సరే తమ్ముడూ, నీ బండికి ఇదే కరెక్ట్. క్యామ్ మార్చే రోజు వస్తే మాత్రం అనంతపురం రా, నా బండి తోలి చూసినాక మాట్లాడుకుందాం.