కుబుసమా, జ్వరమా, నిర్మోచనమా?

ప్రశ్న: పత్తి తెల్లదోమ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. పురుగు పై పొర మార్చుకోవడాన్ని పాఠ్యపుస్తకాలు నిర్మోచనం అంటున్నాయి, మా ఊళ్లో కుబుసం విడవడం అంటారు. ఏది వాడాలి? ఆ పనిని నడిపే హార్మోన్లకు కూడా తెలుగు పేర్లు చెప్పగలరా?

సమాధానం: అయ్యా, మీరు ఒకటనుకుంటున్నవి రెండు పనులు. హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులు మొదటిదాన్ని జ్వరం అంటారు. గూడు కట్టేలోగా పట్టుపురుగుకు నాలుగు జ్వరాలు వస్తాయి. జ్వరంలో ఉన్న పురుగు ఆకు ముట్టదు, తల పైకెత్తి దాదాపు ఒక రోజు కదలకుండా ఉంటుంది, పాత తల వెనుక కొత్త తల చిన్న ముక్కోణపు మచ్చలా కనిపిస్తుంది. రైతు మేత ఆపి, పడక ఆరడానికి సున్నం పొడి చల్లుతాడు. పాత పొర వదులై, దాని కింద కొత్త పొర తయారయ్యేది అప్పుడే. పాతది జారిపోయే ఆఖరి ఘట్టం మాత్రమే కుబుసం విడవడం. కుబుసానికి చుట్టమైన కుప్పసం అనే మాటకు రవిక అని అర్థం. ఈ విడవడానికి శాస్త్రజ్ఞులు వాడే గ్రీకు మాట ఎక్డైసిస్ కూడా బట్టలు విప్పడమే. నిర్మోచనం తప్పు కాదు గాని, ఈ రెంటినీ ఒకే మూటలో కట్టేస్తుంది.

హార్మోన్ల పేర్లను మాత్రం అనువదించకండి. 1954లో జర్మనీలో బూటెనాంట్, కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తలు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల (గూటిలోని పురుగుల) నుంచి, పొర మార్పించే హార్మోన్ అయిన ఎక్డైసోన్ స్ఫటికాలు 25 మిల్లీగ్రాములు తీశారు. దాన్ని నిర్మోచన హార్మోన్ అంటే, రక్తం తాగిన ఆడదోమలో గుడ్ల సొన తయారు చేయించేది కూడా అదేనన్న సంగతి మరుగున పడుతుంది. పురుగును పిల్ల దశలోనే ఉంచే జువెనైల్ హార్మోన్‌ను శైశవ హార్మోన్ అన్నా అదే చిక్కు. పిల్ల పురుగులో అది మెట్ అనే గ్రాహక ప్రోటీన్ ద్వారా క్రుప్పెల్ హోమోలాగ్-1 అనే జన్యువును మేల్కొల్పి, పెద్ద పురుగుగా మార్చే ఈ93 జన్యువును అణచి ఉంచుతుంది; హార్మోన్ తగ్గాక వచ్చే జ్వరంలో ఆ అణచివేత తొలగిపోతుంది. అదే హార్మోన్ పెద్ద పురుగులో మళ్లీ పుట్టి, చాలా జాతుల్లో అండాలు ఎదగడానికి తోడ్పడుతుంది. తల్లి పురుగులో శైశవమేమిటని పాఠకుడు అడిగితే జవాబు చెప్పలేం.

మీ తెల్లదోమకే ఇది పనికొస్తుంది. పైరిప్రాక్సిఫెన్ జువెనైల్ హార్మోన్‌లా నటించే మందు. దానివల్ల గుడ్లు పొదగవు, పిల్లలు రెక్కల పురుగులు కాలేవు, కాని ఎగిరే దోమ వెంటనే చావదు. మర్నాడు దోమ ఎగరడం చూసి మందు నకిలీదని రైతు అనుకోకుండా ఉండాలంటే ఈ మాట వ్యాసంలో స్పష్టంగా రావాలి.

మరో సభ్యుని సందేహం: పత్తి రైతు జ్వరమంటే తెగులు అనుకోడా?

సమాధానం: అనుకుంటాడు, కాబట్టి మొదటిసారి “పొర మార్చే జ్వరం” అని రాయండి. కుబుసానికి ఆ బెంగ లేదు. పత్తి ఆకు అడుగున భూతద్దం పెట్టి చూస్తే, తెల్లదోమ బయటికి వచ్చిన చోట, వీపున ఇంగ్లీషు ‘టీ’ అక్షరంలా చీలిన ఖాళీ పొర ఆకును అంటిపెట్టుకొని ఉంటుంది. దాన్ని కుబుసం అని చూపిస్తే ఏ రైతూ అర్థం అడగడు.