యూరియా చల్లినాక లాన్ మచ్చలు మచ్చలుగా మాడింది, ఏం చెయ్యాల?

తిరుపతిలో ఇంటి ముందర 600 చదరపు అడుగుల మెక్సికన్ గడ్డి ఉంది. ఎర్రనేల, బోరు నీళ్లు. గడ్డి పసుపు తిరుగుతోందని ఆదివారం పొద్దున్నే కిలో యూరియా చేత్తో చల్లి, సాయంత్రం నీళ్లు పెట్టినాము. ఇప్పుడు అక్కడక్కడా మాడిపోయింది. మళ్లీ ఏ ఎరువు వెయ్యాల?

జవాబు 1
అన్నా, ఇప్పుడు ఏ ఎరువూ వద్దు. పొద్దున మంచుకు ఆకు తడిగా ఉంటే గుళికలు దానికే అంటుకుని కరుగుతాయి, ఆ చిక్కటి యూరియా నీళ్లు ఆకులోని నీటిని లాగేస్తాయి. సాయంత్రం దాకా నీళ్లు లేకపోవడంతో మాడింది. మాడినచోట మూడు రోజులు నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టండి. గడ్డి తీగ గీరితే లోపల పచ్చగా ఉంటే మళ్లీ చిగురిస్తుంది.

నెల తర్వాత వేసేటప్పుడు 100 చదరపు అడుగులకు 50 గ్రాములే, అంటే మీకు 300. మూడు కిలోల పొడి ఇసుకలో కలిపి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. ఆకు పొడిగా ఉండాల. చల్లిన వెంటనే నీళ్లు పెట్టాల, లేదంటే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

జవాబు 2
అసలు పసుపు ఎక్కడ మొదలైందో చూసినారా? కింది ముదురాకులైతే నత్రజని లోపం. కొత్తాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే ఇనుము లోపం, దానికి యూరియా ఎంత పోసినా దండగే. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే నేలలో ఇనుమున్నా వేరుకు అందదు.

లీటరు నీళ్లలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత ఇనుమునిచ్చే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు కరిగించి సాయంత్రం పిచికారీ చెయ్యండి. పది రోజులకు ఇంకోసారి. అన్నభేది లేత ఆకుపచ్చగా ఉండాల. గోధుమరంగు పొడి అయితే పనికిరాదు. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, వెంటనే కడిగేయండి.

అడిగినవారు
కొత్తాకులే అండీ, ఈనెలు పచ్చగానే ఉన్నాయి. పశువుల ఎరువు వెయ్యొచ్చా?

జవాబు 3
పచ్చి పేడ మాత్రం వద్దు. కలుపు విత్తనాలు, వేరుపురుగు దాంతోనే వస్తాయి. జల్లించిన వర్మీ కంపోస్టు 20 కిలోలు పలచగా పరచండి, గడ్డి మొనలు కనపడుతూ ఉండాల. నవంబరు ముసురులో యూరియా వెయ్యకండి, వేరు దాటి కిందికి కొట్టుకుపోతుంది.