నాయనకు 2 నెలల్లోనే మతిమరుపు, ఇది డిమెన్షియానేనా?

తాడిపత్రి_అబ్బాయి:
అన్నలూ అక్కలూ, తెలిసినోళ్లు ఎవరైనా చెప్పండి. మా నాయనకు 64. బండల ఫ్యాక్టరీలో 30 ఏండ్లు లెక్కలు రాసినాడు, ఏ లారీకి ఎన్ని అడుగుల బండలు పోయినాయో పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. ఉగాదికి బాగానే ఉండాడు, ఓళిగల మీద నెయ్యి పోసుకోని తిన్యాడు. ఇప్పుడు చూస్తే తిన్య పది నిమిషాలకే నేను అన్నం తింటినా అని అడుగుతాండాడు, రాత్రి నిద్ర పోడు, వాకిట్లో ఎవరో నిలబడ్నారంటాడు. ఇక్కడ డాక్టరుకు చూపిస్తే సీటీ నార్మల్, వయసుతో వచ్చిన డిమెన్షియా అని మతిమరుపు మాత్ర రాసిచ్చినాడు. రక్తంలో సోడియం తగ్గి 124 వచ్చింది, అది బీపీ మాత్ర వల్ల అన్నారు, మాత్ర మార్చి నెలయినా 126 దగ్గరే ఉంది. దీనికి సంబంధం లేదు గానీ కుడి చేతిలో సత్తువ కూడా తగ్గింది, టీ గ్లాసు జారిపోతాంది, షర్టుల నిండా మరకలే. అవ్వ గాలి సోకిందంటే కసాపురం ఆంజనేయస్వామి గుడికి కూడా పోయొచ్చినాం.

కడప_పెద్దాయన:
వయసు మీద పడితే అంతే బాబూ. సరస్వతాకు పొడి పాలల్లో కలిపి ఇవ్వండి, డాక్టర్ల చుట్టూ తిరిగితే డబ్బు దండగ.

న్యూరో_పీజీ_కర్నూలు:
పెద్దాయనా ఏమనుకోవద్దు గానీ 2 నెలల్లో వచ్చినదాన్ని వయసు ఖాతాలో వేయకూడదు. అల్జీమర్స్ ఏండ్ల తరబడి మెల్లగా వస్తుంది, ఎప్పుడు మొదలైందంటే ఇంట్లోవాళ్లే చెప్పలేరు. ఈ తమ్ముడు పండగ పేరు చెప్పి మరీ చెప్తున్నాడు, నాకు అక్కడే అనుమానం వచ్చింది. తమ్ముడూ, నువ్వు సంబంధం లేదన్న గ్లాసు సంగతే నాకు ముఖ్యం. గ్లాసు జారేముందు చెయ్యి ఒక్కసారి ఎగిరినట్టు అవుతుందా, అదే పక్క మూతి కూడా లాగుతుందా? ఒకటి రెండు సెకన్లే ఉంటుంది, రోజుకు 50 సార్లు కూడా రావచ్చు. ఎదురుగా కూర్చోని ఫోన్లో వీడియో తియ్యి.

తాడిపత్రి_అబ్బాయి:
అన్నా నువ్వు చెప్పినట్లే ఉంది. పొద్దున టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్యా. గ్లాసు నోటిదాకా పోయే లోపల కుడి చెయ్యి పైకి ఎగిరింది, మూతి అదే పక్కకు లాగింది, అంతే, మళ్ల ఏమీ కానట్ల తాగినాడు. 20 నిమిషాల్లో 6 సార్లు. ఇన్ని దినాలు చూసుకోని తాగు అని తిడతాంటిమి.

న్యూరో_పీజీ_కర్నూలు:
తిట్టుకోకు, ఇది డాక్టర్లకూ తప్పిపోతుంది. ఇవి ఒక రకం ఫిట్స్. ఇవీ, తగ్గిన సోడియం, మతిమరుపు మూడూ కలిస్తే ఎల్‌జీఐ1 యాంటీబాడీ ఎన్‌సెఫలైటిస్ అని మొదట అనుమానించాలి, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి మెదడులోని ప్రోటీన్ మీదికే తిరగబడడం. 60 దాటిన మగవాళ్లలో ఎక్కువ. 2010 దాకా దీన్ని పొటాషియం ఛానెల్ యాంటీబాడీ జబ్బు అనేవాళ్లు, పాత రిపోర్టుల్లో ఆ పేరే కనిపిస్తుంది. నేను వీడియో కూడా చూడలేదు కాబట్టి ఇదే అని తేల్చి చెప్పను, న్యూరాలజిస్టు చూడాల్సిందే. ఎంఆర్ఐ, ఈఈజీ (తలకు తీగలు పెట్టి మెదడు కరెంటు చూసే పరీక్ష), వెన్నునీళ్ల పరీక్ష చేస్తారు, యాంటీబాడీకి రక్తమూ వెన్నునీళ్లూ రెండూ పంపమని అడుగు. ఎంఆర్ఐ నార్మల్ వచ్చినా ఈ జబ్బు లేదని కాదు. హెర్పిస్, టీబీ, బీ12, థైరాయిడ్, హెచ్ఐవీ కూడా చూస్తారు. అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. షుగర్ ఉంటే ముందే చెప్పండి, స్టెరాయిడ్‌తో బాగా పెరుగుతుంది.

బురుజు_కాడోడు:
మా మామకు ఇదే. మొదట ఉత్త ఫిట్స్ మాత్రలిచ్చినారు, చెయ్యి ఎగరడం ఆగలే. స్టెరాయిడ్ ఎక్కించినాక వారంలో ఆగిపోయింది, మేమంతా నోళ్లు తెరిచినాం. మతి మాత్రం ఏడాది పట్టింది, జబ్బుగా ఉన్న మూడు నెలల్లో ఏం జరిగిందో ఆయనకు ఇప్పటికీ గుర్తులే, కూతురి పెళ్లిచూపులు కూడా అందులోనే పోయినాయి. ఒక సంగతి, ఐవీఐజీ అని ఇంకో మందు ఉంది, వేరేవాళ్ల రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు ఎక్కిస్తారు, అది రాస్తే డబ్బు సిద్ధం చేసుకోండి, కిలోకు 2 గ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి 120 గ్రాములు, లక్షల్లో పడుతుంది. మాకు స్టెరాయిడ్‌తోనే సరిపోయింది.

అనంతపురం_టీచరమ్మ:
ఇది చదివి అందరూ యాంటీబాడీ టెస్టులకు పరిగెత్తొద్దు. మా అత్తకు థైరాయిడ్ యాంటీబాడీ పాజిటివ్ అని మెదడు జబ్బన్నారు, స్టెరాయిడ్ తిని మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది. చివరికి చూస్తే బీ12 లోపం, అదీ సూదులతోనే తగ్గింది.

న్యూరో_పీజీ_కర్నూలు:
కరెక్టే మేడం. హషిమోటో ఎన్‌సెఫలోపతి అని 1966 నుంచి ఒక పేరు ఉంది, కానీ ఆ థైరాయిడ్ యాంటీబాడీలు ఏ జబ్బూ లేనివాళ్లలోనూ చాలామందికి ఉంటాయి, ఆ ఒక్క కాగితం చూసి మందు మొదలుపెట్టకూడదు. తమ్ముడూ, మామూలు ఓపీలో వరసలో నిలబడొద్దు. కర్నూలు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ ఉంది, బెంగళూరు దగ్గరనుకుంటే అక్కడి నిమ్హాన్స్ మెదడు ఆసుపత్రి. ఎక్కడికి పోయినా నోరు తెరిచే ముందు వీడియో చూపించు. ఒకవేళ స్టెరాయిడ్ మొదలైతే బాగైందని మీరే ఆపేయొద్దు, తిరగబెడుతుంది.

తాడిపత్రి_అబ్బాయి:
రేపు తెల్లారుజామున కారు మాట్లాడినా, బెంగళూరుకే. నాయనకు ఊరికి పోతాండామని చెప్పినాం, బ్యాగు తనే సర్దుకున్యాడు. ఇప్పటికి మూడోసారి సర్దుతాండాడు.