బీసీబీఆర్ సర్టిఫికెట్ లేదని ప్రమోషన్ ఆపడం న్యాయమేనా?

కత్తి_డాక్టర్:
అసోసియేట్ ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు వెనక్కొచ్చింది. కారణం బీసీబీఆర్, అంటే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రీసెర్చ్, చేయలేదని. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, 2020లో అప్పటి ఎంసీఐ (మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) సవరణతో ఇది మొదలైంది, దాని స్థానంలో వచ్చిన ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) 2022 రూల్స్‌లో కూడా పెట్టింది. చెన్నైలో ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) వాళ్ల ఎన్ఐఈ అనే సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతుంది, వీడియోలు చూసి, అసైన్‌మెంట్లు పెట్టి, సెంటర్‌కెళ్లి పరీక్ష రాయాలి. నేను రోజూ ఆపరేషన్ థియేటర్‌లో ఉంటా, రాత్రి ఎమర్జెన్సీలు చూస్తా, పీజీలకి చెయ్యి పట్టుకుని కుట్లు వేయడం నేర్పిస్తా. వీటికి మార్కుల్లేవు, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెడితే మాత్రం ప్రమోషన్‌కి అర్హత. ఇదేం పద్ధతి?

ఎస్పీఎం_మేడమ్:
డాక్టర్ గారూ, మీ కష్టాన్ని ఎవరూ కాదనరు. కానీ మీరు ఆపరేషన్ నేర్పించడమే కాదు, థీసిస్ గైడ్ కూడా. ప్రతి ఏడాదీ ప్రొటోకాల్స్, అంటే థీసిస్ ప్లాన్లు, గడువుకి ముందురోజు రాత్రి నా టేబుల్ మీదకొస్తాయి, "మేడమ్ శాంపిల్ సైజ్ (ఎంతమంది పేషెంట్లు కావాలో) వేసిపెట్టండి" అని. అసలు ప్రశ్నేంటో పీజీకి తెలీదు, గైడ్‌ని అడిగితే "పాత థీసిస్ చూసి రాయమ్మా" అంటారు. కోర్సులో చెప్పేది పెద్ద విద్యేం కాదు. ప్రశ్న ఎలా రాయాలి, ఏ ప్రశ్నకి ఏ స్టడీ డిజైన్, బయాస్ (ఫలితాన్ని పక్కదారి పట్టించే లోపం) ఎక్కడ దూరుతుంది, పేషెంట్ కన్సెంట్ (అంగీకారం) ఎలా తీసుకోవాలి. అసైన్‌మెంట్లలో 50%, పరీక్షలో 50% వస్తే పాస్. ఆ మాత్రం కూడా రానివాళ్లు ఇంకొకరి థీసిస్ మీద సంతకం పెట్టడం నాకు నచ్చదు.

గుంటూరు_ఆర్థో:
కోర్సు మంచిదే సర్, వీడియోలు చిన్నవి. రాసేయండి, అయిపోతుంది.

కత్తి_డాక్టర్:
రాయలేక కాదండీ. మీ ఎస్పీఎం (సామాజిక, నివారణ వైద్యం) డిపార్ట్‌మెంట్‌కి ఉన్న టైమ్ మా సర్జరీ వాళ్లకి లేదు, అది ఒప్పుకోండి ముందు. ఇక శాంపిల్ సైజ్ అంటారా, సర్జరీలో 30 కేసులు తీసుకుంటే చాలని మా ప్రొఫెసర్లు చెప్పారు, మేమూ అలాగే చేశాం, అందరం పాసయ్యాం.

ఎస్పీఎం_మేడమ్:
ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి చెప్పండి. ఉదాహరణకి కొత్త యాంటీబయాటిక్ పద్ధతితో గాయం ఇన్‌ఫెక్షన్ 20% నుంచి 10%కి తగ్గుతుందా అని చూస్తున్నారనుకోండి. 80% పవర్‌తో, అంటే తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు పట్టుకునేలా, తేల్చాలంటే గ్రూపుకి దాదాపు 200 మంది కావాలి. మీరు 30, 30 పెడితే ఒకవైపు 6 ఇన్‌ఫెక్షన్లు, ఇంకోవైపు 3 వస్తాయి. రేటు నిజంగానే సగానికి తగ్గినా పి వాల్యూ 0.05 దాటిపోతుంది, అంటే తేడా కాకతాళీయం కావొచ్చని లెక్క, మీ పీజీ "రెండింటికీ తేడా లేదు" అని కంక్లూజన్ రాస్తాడు. పనిచేసే పద్ధతిని పనిచేయదని రాసినట్టే కదా?

కత్తి_డాక్టర్:
గ్రూపుకి 200 అంటే మొత్తం 400. ఒక పీజీ చేతిలో డేటా కలెక్షన్‌కి ఉండేది ఏడాదీ ఏడాదిన్నర. ఎక్కడి నుంచి తేవాలి? పుస్తకంలో లెక్కలకేం, వార్డులో కనపడాలి పేషెంట్లు.

ఎస్పీఎం_మేడమ్:
తేలేకపోతే ప్రశ్న మార్చుకోవాలి. "మన వార్డులో ఇన్‌ఫెక్షన్ ఎంత శాతం" అని అడగండి, అప్పుడు 4పీక్యూ బై ఎల్ స్క్వేర్ ఫార్ములా సరిపోతుంది. పీ అంటే ఉంటుందనుకునే శాతం, క్యూ అంటే 100లో మిగతాది, ఎల్ అంటే ఎంత తేడా వచ్చినా ఫర్వాలేదో అది. పీ 20, ఎల్ 8 పెడితే సరిగ్గా 100 మంది. నిజాయితీగా చేయగలిగిన పని. కానీ మన దగ్గర రెండు గ్రూపుల పోలికకి కూడా ఇదే ఫార్ములా అతికిస్తారు.

బయోస్టాట్_రవి:
ఎల్ 8 అంటే అబ్సొల్యూట్, నేరుగా 8 శాతం పాయింట్లు కదా మేడమ్, చాలామంది రిలేటివ్ 20%, అంటే పీలో 20 శాతం తీసుకుంటారు. అప్పుడు ఎల్ 4 అవుతుంది, 400 వస్తుంది.

ఎస్పీఎం_మేడమ్:
నేను అబ్సొల్యూటే చెప్పాను. ఏది తీసుకున్నా ఎందుకు తీసుకున్నారో రాయాలి.

బయోస్టాట్_రవి:
రాయాలి సరే, రిలేటివ్ తప్పంటారా మీరు?

అనాటమీ_మాస్టారు:
బాబూ, ప్రమోషన్ గురించి కదా మొదలైంది.

కాకినాడ_మెడిసిన్:
ఎన్ఎంసీ 2025 రూల్స్ చూశారా? 220 పడకల పైన ఉన్న ప్రభుత్వాసుపత్రిలో రెండేళ్లు పనిచేసిన పీజీ డిగ్రీవాళ్లు సీనియర్ రెసిడెన్సీ (పీజీ తర్వాత టీచింగ్ ఆసుపత్రిలో చేసే ఉద్యోగం) లేకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా రావచ్చు, బీసీబీఆర్‌కి ఉద్యోగంలో చేరాక రెండేళ్లు టైమ్.

కత్తి_డాక్టర్:
అదే నేననేది! కొత్తవాళ్లకి ముందు ఉద్యోగం, తర్వాత కోర్సు. ఏళ్లుగా చేస్తున్న నాకేమో ముందు కోర్సు, తర్వాత ప్రమోషన్.

రెండో_ఏడు_పీజీ:
సర్, మేడమ్, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. 2023 పీజీ రూల్స్ ప్రకారం రీసెర్చ్ మెథడ్స్ కోర్సు మేమూ చేయాలి, నేను చేశాను. చేశాకే నా ప్రొటోకాల్లో ఫార్ములా తప్పని తెలిసింది. మా గైడ్ గారికి చెప్తే "కమిటీ పాస్ చేసింది, నీకెందుకు" అన్నారు. నాది కూడా రెండు గ్రూపుల పోలికే, 30, 30. తప్పని తెలిసి కేసులు కలెక్ట్ చేస్తున్నాను. పేషెంట్ల దగ్గర కన్సెంట్ సంతకం తీసుకునేటప్పుడు చాలా ఇబ్బందిగా ఉంటుంది.

కత్తి_డాక్టర్:
గైడ్ మీద ఇలా పబ్లిక్‌లో రాయడం మంచిది కాదమ్మా. ఆయనకెన్ని పనులుంటాయో నీకు తెలీదు.

ఎస్పీఎం_మేడమ్:
ఆ అమ్మాయిని ఎందుకంటారు? పేరు రాసిందా ఎవరిదైనా? ఇన్నేళ్లూ మీ డిపార్ట్‌మెంట్ల లెక్కలన్నీ నాతో వేయించుకుని, పేపర్‌లో నా పేరు పెట్టమంటే మొదటి ముగ్గురిలో చోటు లేదన్నారు. ప్రమోషన్‌కి పేపర్ రాసినవాళ్లలో మొదటి ముగ్గురు లేదా కరెస్పాండింగ్ ఆథరే (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు చేసే రచయిత) లెక్క కాబట్టి. ఆమెకి జరుగుతున్నది చిన్న విషయమా? పనికిరాని స్టడీలోకి పేషెంట్‌ని చేర్చడం ఎథిక్స్ సమస్య. స్టాటిస్టిషియన్ డగ్లస్ ఆల్ట్‌మన్ 1994లోనే బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు, రీసెర్చ్ తగ్గించండి, చేసేది బాగా చేయండి, సరైన కారణం కోసం చేయండి అని.

కత్తి_డాక్టర్:
చూశారా, ఆయన తగ్గించమనే అన్నారు! నేను చెప్పేదీ అదే మేడమ్. నాకు రీసెర్చ్ మీద ఆసక్తి లేదు. నాకు ఆపరేషన్ చేయడం, నేర్పించడం వచ్చు, అది చేయనివ్వండి. గైడ్‌గా ఉండనని రాసివ్వడానికి నేను రెడీ. కానీ కాలేజీ ఒప్పుకోదు, ఎందుకంటే పీజీ సీట్లు గైడ్‌ల లెక్క మీద వస్తాయి. నన్ను గైడ్‌ని చేసేది వాళ్లు, పేపర్లు అడిగేది వాళ్లు, ఇప్పుడు కోర్సు చేయలేదని ఆపేదీ వాళ్లే.

అనాటమీ_మాస్టారు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది.

ఎస్పీఎం_మేడమ్:
ఇక్కడ సగం మీతో ఉన్నాను. ఆపరేషన్, బోధన బాగా చేసేవాళ్లకి పేపర్లతో సంబంధం లేకుండా ప్రమోషన్ రావాలి. కానీ గైడ్ కుర్చీలో ఉన్నంతకాలం కోర్సు తప్పదు. సీట్ల కోసం కూర్చోబెట్టారు అన్నది పీజీకి జవాబు కాదు.

కత్తి_డాక్టర్:
కుర్చీ నుంచి దిగనిచ్చే దారి పెట్టమనండి, కోర్సు గురించి అప్పుడు మాట్లాడతా. ప్రమోషన్‌తో ముడిపెట్టడం ఇప్పటికీ తప్పే అంటాను.

రెండో_ఏడు_పీజీ:
మేడమ్, ఇప్పుడు నా ప్రశ్న మార్చుకుని ఒకే గ్రూపుగా చేయొచ్చా?

ఎస్పీఎం_మేడమ్:
ఫలితాలు అనలైజ్ చేయకముందే చేయాలి. ఆబ్జెక్టివ్, శాంపిల్ సైజ్ రెండూ మారుతున్నాయి కాబట్టి అమెండ్‌మెంట్ రాసి, గైడ్ సంతకంతో ఎథిక్స్ కమిటీకి పెట్టమ్మా, వాళ్లు ఒప్పుకున్నాకే కొత్త కేసులు తీసుకో. ఇప్పటిదాకా తీసుకున్నవి ఎన్నో కూడా అందులో రాయి. ఆయన సంతకం పెట్టనంటే నాకు మెసేజ్ చెయ్యి, నేనొచ్చి మాట్లాడతాను.