పేరులోనే గండి ఉన్న చెరువు

ప్రశ్న: మాది గోదావరి పక్క ఊరు. గండి అన్న మాట వినబడితే చాలు, ఇసుక బస్తాలతో ఏటిగట్టుకి పరిగెత్తేవాళ్లం. మొన్న ఆదివారం "అమ్మా, గండిపేట చూసొద్దాం పద" అంటే, అమ్మ చేతిలో గరిటె వదిలేసి "ఎక్కడ పడిందిరా గండి?" అంది! ఇంట్లో అందరం ఒకటే నవ్వు. తీరా వెళ్తే అక్కడ ఉస్మాన్ సాగర్ అంటున్నారు. రెండూ ఒకటేనా అండీ?

జవాబు: ఒకటేనండీ. 1908లో మూసీ వరద హైదరాబాద్ నగరాన్ని ముంచేశాక, విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీ మీద ఈ చెరువు కట్టారు. 1920లో పూర్తయింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు పెట్టారు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ గండిపేటే, ఆ ఊరి పేరే. దగ్గర్లోని హిమాయత్ సాగర్‌కి ఆయన కొడుకు పేరు. తండ్రీకొడుకులు ఇరుగుపొరుగన్నమాట!

మరో జవాబు: అమ్మగారికి టెన్షన్ వద్దని చెప్పండి. గండి అంటే కొండల మధ్య దారి కూడా. మా కడప జిల్లాలో పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకొచ్చే చోట గండి ఆంజనేయస్వామి గుడి ఉంది.

ప్రశ్న అడిగినవారు: అమ్మకి చదివి వినిపించాను. వచ్చే ఆదివారం పులిహోర కలుపుకుని తనే బయల్దేరదీస్తానంది.