కొయింబ్రా జొవానినా లైబ్రరీ: పది నిమిషాల దర్శనానికి టికెట్టు పెట్టడం న్యాయమేనా?

అటక మీది పుస్తకం:
పోయిన నెల అమ్మని తీసుకుని పోర్చుగల్ వెళ్లాను. లిస్బన్‌లో రెండు రోజులుండి, రైలెక్కి కొయింబ్రా వెళ్లాం. అక్కడి యూనివర్సిటీలో ఉన్న జొవానినా లైబ్రరీ చూడాలన్నది నాకు కాలేజీ రోజుల నుంచి ఉన్న కోరిక. అయిదో జువావ్ అనే రాజు కట్టించాడు కాబట్టి ఆ పేరు. 1717లో పని మొదలై 1728కి పూర్తయింది.

టికెట్టు మీద టైము వేసి ఉంటుంది. ఆ టైముకి గుమ్మం దగ్గర ఉంటే ఒక గుంపుగా పంపుతారు. కింద, ఒకప్పుడు తప్పు చేసిన విద్యార్థుల్ని పెట్టిన జైలు గదులు. వాటిని దాటి మెట్లెక్కితే పై అంతస్తు. అసలు చూడాల్సింది అదే. అక్కడ ఉండనిచ్చేది సుమారు పది నిమిషాలు. ఫొటోలు తీయకూడదు.

వరసగా మూడు గదులు. ఆకుపచ్చ, ఎరుపు, నలుపు లక్కపూతల మీద చైనా పద్ధతిలో బంగారు బొమ్మలు. నిలువెత్తు అల్మారాలు, వాటి మీద వసారాలాంటి నడవ, దాని మీద మళ్లీ అల్మారాలు. చివరి గోడకి రాజుగారి చిత్రం. నేను పైకప్పు బొమ్మలు చూస్తూ నిలబడితే, అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాగి "నిచ్చెన ఎక్కడ దాచారో చూడు" అంది. అల్మారాల మధ్య స్తంభంలా కనిపించేదాంట్లోకే నిచ్చెన దూర్చి ఉంది. అవసరమైనప్పుడు బయటికి లాగుతారన్నమాట. ఆవిడ ముప్పై ఏళ్లు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. పుస్తకాల వెనక పేర్లు లాటిన్‌లో ఉన్నా మెడ వంచి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. రెండో గదిలో ఉండగానే టైమైపోయింది.

నా ప్రశ్న ఇదీ. లైబ్రరీ అన్నది చదువుకోవడానికి. పది నిమిషాల్లో చదవలేం, సరిగ్గా చూడనూ లేం. తిరుమలలో "జరగండి, జరగండి" అంటుంటే గర్భగుడి వైపు మెడ తిప్పుకుంటూ బయటపడ్డట్టుంది. తెరిస్తే మనస్ఫూర్తిగా తెరవాలి, లేదంటే మానెయ్యాలి. మీరేమంటారు?

పాత లైబ్రేరియన్:
అమ్మా, నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ బాధ అర్థమైంది కానీ మీతో ఏకీభవించను.

ఆ భవనాన్ని పుస్తకాలు దాచే పెట్టెలా కట్టారు. గోడల మందం రెండు మీటర్ల పైన. తలుపు టేకుది. లోపల వేడి ఏడాది పొడవునా 18 నుంచి 20 డిగ్రీల మధ్య, తేమ 60 శాతం దగ్గర నిలిచేలా చూసుకుంటారు. మనిషి లోపలికి వస్తే ఊరికే రాడు. ఒంటి వేడి, ఊపిరిలో తేమ, బట్టల మీద దుమ్ము వెంట తెస్తాడు. ఒక్కడైతే ఫర్వాలేదు. రోజంతా గుంపు తర్వాత గుంపు వస్తుంటే, మధ్యలో గాలి కుదుటపడాలి కదా. పదహారో శతాబ్దం నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా అచ్చయిన పుస్తకాలవి. మా స్టాకు రూములో ఒక ఆషాఢంలో కిటికీ వారం రోజులు సరిగ్గా మూతపడలేదు. రెండు వరసల పుస్తకాల అట్టలు బూజు పట్టాయి. ఆ బూజుని మెత్తటి కుంచెతో నా చేత్తో దులిపాను, రెండు నెలలు పట్టింది. అందుకే చెప్తున్నాను, ఆ పది నిమిషాలు పిసినారితనం కాదు.

గబ్బిలాల సంగతి ఎవరూ చెప్పలేదా మీకు? ఆ లైబ్రరీలో చిన్న గబ్బిలాలు కాపురముంటాయి. రాత్రి తలుపులు వేశాక బయటికొచ్చి, కాగితాన్నీ అట్టల్నీ తినే పురుగుల్ని పట్టుకు తింటాయి. వాటి రెట్టలు పడకుండా సాయంత్రం పాతకాలపు బల్లల మీద తోలు దుప్పట్లు కప్పుతారు. పొద్దున అవి తీసి, నేల తుడిచి, అప్పుడు తలుపులు తెరుస్తారు. మేము నాఫ్తలీన్ ఉండలు వేసి, తలనొప్పితో ఇంటికెళ్లేవాళ్లం. వాళ్లు ప్రాణుల చేత కాపలా కాయిస్తున్నారు. అంత జాగ్రత్తగా ఉండే ఇల్లు మనల్ని పది నిమిషాలు రానివ్వడమే గొప్ప అనుకుంటాను.

డబ్లిన్ వాన:
నేను డబ్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం, ఇంటి నుంచి ఎవరొచ్చినా ముందు ట్రినిటీ కాలేజీ పాత లైబ్రరీకే తీసుకెళ్తాం. అందులోని లాంగ్ రూమ్ అంటే దాదాపు 65 మీటర్ల పొడవున్న ఒకే హాలు. 1732లో పూర్తయింది. బ్రిటన్, ఐర్లండ్‌లలో అచ్చయ్యే పుస్తకాలకి కాపీ తెప్పించుకునే హక్కు 1801లో వచ్చాక, చోటు చాలక 1860లో పైకప్పు ఎత్తి ఇప్పుడున్న చెక్క కమాను వేశారు. ఆ అందం చోటు చాలక పుట్టిందే.

నేను మాట్లాడాలనుకున్నది డబ్బు సంగతి. లైబ్రేరియన్ గారు దాన్ని పక్కన పెట్టారు. క్రీ.శ. 800 ప్రాంతంలో దూడ తోలు మీద రాసిన బైబిల్ సువార్తల ప్రతి, కెల్స్ గ్రంథం కూడా ఈ భవనం దగ్గరే చూపిస్తారు. ఆ టికెట్లు కాలేజీకి పెద్ద ఆదాయం. ఎంత పెద్దదంటే, 2023 సెప్టెంబరులో హాస్టలు అద్దెలు పెంచారని విద్యార్థి సంఘం వాళ్లు నిరసన చేసినప్పుడు వెళ్లి కూర్చున్నది ఆ గుమ్మం ముందే. కాలేజీకి ఎక్కడ తగులుతుందో వాళ్లకి తెలుసు. మరుసటి ఏడాది, నిరసనల వల్ల ఆదాయం పోయిందని సంఘానికి రెండు లక్షల యూరోల పైచిలుకు బిల్లు పంపారు. అద్దె కట్టలేక నాలుగు బస్సులు మారి క్లాసుకొచ్చే పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. వాళ్ల కాలేజీలో అన్నిటికంటే పెద్ద వరస టూరిస్టులది. టికెట్టు పెట్టడం తప్పని నేననను. ఆ డబ్బు ఎటు పోతోందో అక్కడ చదివేవాళ్లకి చెప్పాలంటాను.

పాత లైబ్రేరియన్:
బాబూ, మీ మాటలో న్యాయముంది. కానీ అదే లాంగ్ రూమ్ నుంచి దాదాపు రెండు లక్షల పుస్తకాలు దింపి, ఒక్కోదాని దుమ్ము వాక్యూమ్‌తో తీసి, గుర్తింపు చిప్ అతికించి వేరే చోట భద్రపరిచే పని 2022లో మొదలుపెట్టారు. 2019లో పారిస్ నోట్రడామ్ చర్చి తగలబడ్డాక, అలాంటి ప్రమాదం ఇక్కడొస్తే ఏం చేస్తామన్న భయం వాళ్లని కదిలించింది. ఆ పనికి కోట్లలో ఖర్చు. టికెట్టు లేకపోతే ఎక్కడి నుంచి తెస్తారు?

డబ్లిన్ వాన:
ప్రభుత్వం ఇవ్వాలండి. ఆస్పత్రికి ఇచ్చినట్టు, రోడ్డుకి ఇచ్చినట్టు.

తంజావూరు దారి:
ఇద్దరూ యూరప్‌లోనే తిరుగుతున్నారు. మన వైపు చూడండి. ఒక పాత యూనివర్సిటీ లైబ్రరీ, పేరు వద్దు. రాతి మెట్లు, ఎత్తయిన కిటికీలు, చూస్తే కళ్లు చెమర్చే భవనం. రీసెర్చి స్కాలర్‌ని కాదని గేటు దగ్గరే ఆపేశారు. అయిదు నిమిషాలు చూసి వెళ్లిపోతానన్నా వినలేదు. డబ్బు కడతానన్నా అలాంటి పద్ధతి లేదన్నారు. బయట చెట్టు కింద నిలబడి కిటికీలు చూసి వచ్చేశాను. కొయింబ్రాలో పది నిమిషాలైనా దక్కాయి మీకు.

తంజావూరు సరస్వతి మహల్ లైబ్రరీది నాకు నచ్చిన దారి. నాయకరాజుల కాలం నుంచి పోగైన తాళపత్రాలు, తెలుగువి కూడా, లోపల పండితుల కోసం. చూడ్డానికొచ్చేవాళ్లకి వేరే మ్యూజియం హాలు. చదివేవాడికి అడ్డం లేదు, చూసేవాడికి నిరాశ లేదు.

మట్టి గోడ:
ఒకటి అడగనివ్వండి. ఆ అల్మారాల మీద మెరిసే వైభవం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రాజు కాలంలో పోర్చుగల్ ఖజానా నిండింది బ్రెజిల్ గనుల బంగారంతో. తవ్వినవాళ్లు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. వాళ్ల మునిమనవలు ఎవరైనా ఈ రోజు టికెట్టు కొనుక్కుని ఆ గదిలో పది నిమిషాలు నిలబడితే, టైమైపోయింది వెళ్లమనడం నాకు మింగుడుపడదు. కొందరి కోసమే మూసి ఉంచాలన్న వాదన మాత్రం దయచేసి చెయ్యొద్దు. చాలామంది చెమటతో కట్టిన గది అది.

మనకీ వాళ్లతో లావాదేవీ తక్కువేం కాదు. మన ఇళ్లలో 'అల్మారా' అంటున్నామే, ఆ మాట పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిందే.

రైలు కిటికీ:
వాదన మధ్యలో ఒక పనికొచ్చే మాట. జొవానినా పుస్తకాలు చచ్చిపోయిన పుస్తకాలు కావు. ఫలానా పుస్తకం ఎందుకు కావాలో చెప్పి అడిగితే, దాన్ని తీసి యూనివర్సిటీ జనరల్ లైబ్రరీకి తెచ్చి ఇస్తారు, అక్కడ కూర్చుని చదువుకోవాలి. అంటే చదివేవాడి దారి వేరే ఉంది. పై అంతస్తు చూడ్డానికి మాత్రమే. కాబట్టి 'చదువుకోవడానికి కట్టింది కదా' అన్న అటక గారి వాదన నిలవదని నా అభిప్రాయం.

అటక మీది పుస్తకం:
అందరికీ థాంక్స్. పుస్తకం అడిగి తెప్పించుకోవచ్చన్నది నాకు తెలియదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గబ్బిలాల గురించి లైబ్రేరియన్ గారు రాసింది అమ్మకి చదివి వినిపిస్తే, బల్లల మీద తోలు కప్పే వేళకి వెళ్లాల్సింది అంది.

ఫొటోల విషయంలో అమ్మ నా పక్షం కాదు. "ఫోను తీయనిచ్చి ఉంటే నువ్వు ఆ పది నిమిషాలూ నన్ను నిలబెట్టి ఫొటోలు తీసేదానివి, నిచ్చెన ఎవరు చూసేవాళ్లు" అంది. ఒప్పుకున్నాను.

టైము మీద మాత్రం నా మాట మారదు. గాలీ తేమే సమస్యయితే గుంపుని సగం చేసి ఇరవై నిమిషాలు ఇవ్వొచ్చు. లోపలికెళ్లే ఊపిరి అంతే కదా. టికెట్టు కొంచెం పెరిగినా కడతాను. మూడో గది నేను ఇంకా చూడలేదు.